వానొస్తే ఏడ్చే పిల్లలు

ఒక కంటికి శుక్లం తీశారు. తల వంచకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, తలకు నీళ్ళు పోసుకోకూడదు అని డాక్టరు పెట్టిన ఆంక్షలన్నీ తలకెత్తుకుని, నల్లద్దాలతో మా అక్క ఓబుళమ్మ కర్నూల్లో నా ఇంటి ముందుగదిలో కూర్చుంది. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం పుట్టి బుద్ధెరిగినాక ఆమెకు తెలియదు. "ఇట్ల కూర్చోబెట్టి తిండి పెడితే నాకు అరగదే లచ్చిమీ, ఒక చేటలో కందిబేడలన్నా పోసియ్యి, ఏరతా" అని నన్ను సతాయించింది. కళ్ళు కనపడకనే కదా ఆపరేషన్ చేయించింది అంటే, "చేతులకు కనపడతాయిలే" అంది. ఆమెకు తోడుగా మైదుకూరు నుంచి మనవరాలు లహరి వచ్చింది. ఆరో తరగతి చదువుతోంది. బడికి సెలవులిచ్చారు గానీ పిల్లను మాత్రం వదల్లేదు. అట్ట మీద నవ్వుతున్న పిల్లల బొమ్మ ఉన్న పుస్తకం ఒకటి చేతికిచ్చి, తిరిగొచ్చే లోపల మొత్తం పూర్తి చేయమన్నారు. అందులో అన్నీ ఇంగ్లీషు ప్యాసేజీలే. ఒక పేరా, కింద ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, సరైనదాని పక్కన టిక్కు పెట్టడం. దీన్నే రీడింగ్ కాంప్రహెన్షన్ అంటారు. చదివి అర్థం చేసుకోవడం అని ఆ మాటకు అర్థం.

లహరి నేలమీద బోర్లా పడుకుని టపటపా టిక్కులు పెట్టుకుంటూ పోతోంది. పెన్ను చప్పుడు వింటూ కూర్చున్న అక్కకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. "ఏం కథమ్మా అది?" అని అడిగింది. "కథ కాదవ్వా, ప్యాసేజీ" అంది పిల్ల. "ప్యాసేజీనే లేమ్మా. దాంట్లో ఏం జరిగిండాది?" లహరి తలెత్తి, ఇదేం ప్రశ్న అన్నట్టు నావైపు చూసి, "తెలీదవ్వా" అంది. "తెలీకుండా జవాబులు యాడనుంచి వస్తాండాయి?" అని అక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. పిల్ల లేచి కూర్చుని, వాళ్ళ మిస్ చెప్పినదాన్ని వాళ్ళ మిస్ గొంతుతోనే చెప్పింది. "ముందు కొశ్చన్ చూడాల. దాంట్లో పెద్ద పదం పట్టుకోవాల. ఆ పదం ప్యాసేజీలో యాడుందో వెతకాల. ఆ లైన్లో ఏముంటే దానికి టిక్కు పెట్టాల. అంతా చదువుకుంటా కూర్చుంటే టైం వేస్టు." పుస్తకం నేను తీసుకుని చూశాను. మంచులో చిక్కుకుపోయిన రైలు, అందులో ఒంటరిగా ప్రయాణం చేస్తున్న ఒక ముసలాయన, ఆయనకు తన రొట్టె సగం విరిచి ఇచ్చిన ఒక అమ్మాయి. మంచి కథ. అన్ని టిక్కులూ సరైనవే. పిల్లకు రైలు ఆగిందనీ తెలియదు, ముసలాయనకు ఆకలేసిందనీ తెలియదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లమీద కాదు, ఆ మిస్ మీద కూడా కాదు. ఆ చిట్కా నాకు కొత్త కాదు గనక. మా చిన్నప్పుడు ఓర్వకల్లు దగ్గర పల్లెలో ఉంటూ, రాళ్ళ గుట్టల నడుమ దారిన హైస్కూలుకు నడిచిపోయిన రోజుల్లో మా ఇంగ్లీషు సారు మాకు నేర్పింది అక్షరం తేడా లేకుండా ఇదే. ఇప్పుడు ఆ గుట్టల పక్కన విమానాలు దిగుతున్నాయి. మా నాయన వేరుశెనగ బుడ్డలు విత్తిన చేలల్లో ఫ్యాక్టరీలకు హద్దురాళ్ళు పాతారు. పలక పోయి నోటుపుస్తకం, నోటుపుస్తకం పోయి ఫోను వచ్చాయి. ఈ దిక్కుమాలిన చిట్కా ఒక్కటి మాత్రం చెక్కు చెదరకుండా ముత్తైదువలా బతికుంది. అది మా ఇంట్లో ఒక మనిషి బతుకును దారి తప్పించిందని తెలిసిన నేను, దాన్ని మళ్ళీ అదే మనిషి మనవరాలి నోట విని నవ్వి ఊరుకోవాలంటే నా వల్ల కాలేదు.

అక్కా నేనూ ఒకే తరగతి. అదెట్లాగంటే, ఆమె నాకంటే పెద్దదే అయినా తమ్ముణ్ణి ఎత్తుకుని తిప్పడానికి మధ్యలో బడి మాన్పించారు. తర్వాత నేను హైస్కూలుకు పోవలసి వచ్చినప్పుడు, ఆడపిల్ల గుట్టల దారిలో ఒంటిగా ఎట్లా పోతుందని తోడుగా ఆమెను కూడా చేర్పించారు. చదువు నాది, తోడు ఆమెది. ఆమెకు పుస్తకాలు కూడా వేరే కొనలేదు, ఇద్దరికీ ఒకే జత. పొద్దున్నే అమ్మ జొన్నరొట్టెలు తడుతుంటే ఆ పొయ్యి వెలుగులోనే ఆమె నా జడలు అల్లేది, తనవి తానే అల్లుకునేది, మధ్యాహ్నానికి రొట్టె మీద ఊరిబిండి పచ్చడి పెట్టి గుడ్డలో మూట కట్టేది. దోవలో నా సంచి కూడా తనే మోసేది. ఎందుకు మోస్తావే అంటే, "నన్ను పంపేదే దానికి గదా" అనేది. ఆ మాటలో నిష్ఠూరం ఉండేది కాదు. ఉండి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక అక్కది ఇంకో పని. మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, వాకిట్లో గోనెపట్ట పరుచుకుని, నశ్యం డబ్బీ పక్కన పెట్టుకుని మాకోసం చూస్తూ ఉండేది. బర్రెలొచ్చే వేళ, దుమ్ము లేచి, పిడకల పొగతో కలిసి ఒక వాసన వచ్చేది. అవ్వ ముక్కులోకి నశ్యం ఎక్కించి, రెండు తుమ్ములు తుమ్మి, "ఈ పొద్దు దొరసాని ఏం చేసెనే ఓబుళా?" అని అడిగేది. ఇంగ్లీషు వాచకంలో ఉండేవన్నీ అవ్వ లెక్కన దొరసాని కథలే. ఆ రోజు బడిలో చెప్పిన పాఠాన్ని అక్క అవ్వకు మా మాటల్లో చెప్పాలి. మంచు పడింది అని ఉంటే మంచంటే ఏందే అని అవ్వ అడిగేది. "ఆకాశం మింద్నుంచి ఉప్పు జల్లినట్ల పడతాదంట అవ్వా, కాళ్ళు కూరుకపోతాయంట" అని అక్క చెప్పేది. "అట్లయితే జొన్న యాడ పండుతాదే వాళ్ళకు? ఏం తింటారు?" అని అవ్వ. అది అక్కకు తెలిసేది కాదు. మరునాడు అక్క బడిలో ఆ పాఠం మళ్ళీ మొదటినుంచి చదివి, వాళ్ళేం తింటారో కనుక్కుని వచ్చేది. తెలిసిన మాటలమీద కాలు వేస్తూ, తెలియనివాటిని దాటేస్తూ, రాళ్ళమీద వాగు దాటినట్టు ఆమె ఇంగ్లీషు చదివేది. సగం తప్పు దారిన పోయేదేమో, కానీ ఆవలి గట్టుకైతే చేరేది. మా బడి మొత్తంలో ఇంగ్లీషును చదివిన పిల్ల ఆమె ఒక్కతే. మేమంతా ఎత్తి రాసేవాళ్ళం.

ఎత్తి రాయడం ఎట్లాగో మా సారు చాలా ఓపికగా నేర్పేవాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కొట్టేది తక్కువ. ఆత్మకూరు దిక్కు పల్లెలో వాళ్ళ నాయనకు మెట్టపొలం ఉండేది, మొదటి వాన పడగానే సెలవు పెట్టి విత్తనానికి పోయేవాడు. ప్యాసేజీ ఇస్తే చేయవలసింది ఇదీ అని బోర్డు మీద గీతలు గీసి చూపించేవాడు. ప్రశ్నలో ఒక మాట పట్టుకోవాలి, ప్యాసేజీలో అదే మాట వెతకాలి, ఆ లైనూ దాని ముందు లైనూ వెనక లైనూ కలిపి ఎత్తి రాయాలి. "మూడు లైన్లలో జవాబు యాడన్నా ఒక చోట ఉంటాది. దిద్దేవాడు ఎతుక్కుంటాడు. మీకేం తొందర?" అనేవాడు. దాన్ని మేము మూడు లైన్ల మందు అని పిలుచుకునేవాళ్ళం. బాగా పనిచేసే మందు. దిద్దేవాడు వెతుక్కునేవాడు, మార్కులు వేసేవాడు. ఎవరికీ ఏమీ అర్థం కాకుండానే అందరూ పాసయ్యేవాళ్ళు. సంతలో కళ్ళు మూసుకుని కూరగాయలు కొని, వంట బాగుందని మెచ్చుకోవడం లాంటిదే ఇది.

పదో తరగతిలో మా బడికి ఒక ఆచారం ఉండేది. పెద్ద పరీక్షకు ముందు బడిలోనే ఒక పరీక్ష పెట్టి, అందులో తప్పినవాళ్ళను పెద్ద పరీక్షకు పంపేవాళ్ళు కాదు. తప్పేవాళ్ళను పంపితే బడికి చెడ్డపేరు. ఆ ఏడాది మా ఇంట్లో ఈ పరీక్ష మీద చాలా పెద్ద మాట ఆధారపడి ఉండింది. నాయన దాన్ని ఎద్దులకు నీళ్ళు పెడుతూ, మామూలుగా అన్నాడు. "ఇద్దరూ పాసైతే ఇద్దర్నీ కర్నూలు హాస్టల్లో చేరుస్తా. ఒగరికొగరు తోడుంటారు." అక్క చేతిలో ఉన్న చెంబు అట్లాగే ఉండిపోయింది. ఆమెకు టీచరు ట్రైనింగు చదవాలని ఉండేది. ఆ సంగతి నాకూ అవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు. తోడుగా పోయిన పిల్లకు తన చదువంటూ ఒకటి ఉంటుందని అప్పటిదాకా ఆమె కూడా అనుకోలేదు. ఆ రోజునుంచి నా సంచితో పాటు పుస్తకం కూడా చేతిలో తెరిచి పట్టుకుని, రాళ్ళ దారిలో తట్టుకుంటూ నడిచేది.

ఆ ఏడాది కరువు. వానాకాలం మబ్బులు మా మీదుగా పోయాయి గానీ ఆగలేదు. చేలో వేసిన విత్తనం వేసినట్టే ఉండి, చీమలపాలైంది. బావిలో చేద దింపితే రాయి తగిలిన చప్పుడు వచ్చేది. అట్లాంటి రోజుల్లో బడి పరీక్షలో ఇంగ్లీషు ప్యాసేజీ ఇచ్చారు. ఒక కుటుంబం. తల్లి గంప నిండా తిండి సర్దింది. తండ్రి, తల్లి, పిల్లలు అందరూ కలిసి ఏటి పక్కన పచ్చని చేనుకు పోయారు. ఇంతలో నల్లని మబ్బులు కమ్మాయి. పెద్ద వాన. అందరూ ఇంటికి పరుగెత్తారు. పిల్లలు తడిసిన గంపవైపు చూశారు. మరో రోజు వద్దాం లే అన్నాడు తండ్రి. అంతే కథ. పేరా మొదట్లో వాళ్ళు పోయింది పిక్నిక్‌కు అని ఉంది. ప్రశ్నలేమో, వాళ్ళు ఎక్కడికి పోయారు, తల్లి ఏం సర్దింది, వాన వచ్చినప్పుడు పిల్లలకు ఎట్లా అనిపించింది, ఎందుకు.

అక్క చేయెత్తి నిలబడింది. "సార్, పిక్నిక్ అంటే ఏంది?" అని అడిగింది. సారు కుర్చీలోంచి లేవకుండానే, "అర్థాలు చెప్పగూడదు. అన్నీ ప్యాసేజీలోనే ఉంటాయి, ఎతుక్కో" అన్నాడు. ఉంటే వెతుక్కునేదే. లేదు. పిక్నిక్ అంటే ఏమిటో ఆ ప్యాసేజీలో ఎక్కడా లేదు. ఆ తరగతిలో ఎవరి జీవితంలోనూ లేదు. కాబట్టి అక్క చేయగలిగిందే చేసింది, మొత్తం చదివింది. గంపలో తిండి పెట్టుకుని ఇంటిల్లిపాదీ చేనుకు పోవడం ఆమెకు తెలుసు. కలుపు తీసేవాళ్ళకు అమ్మ సద్దిగంప నెత్తిన పెట్టుకుని పోతుంటే మేం వెనకాల నడవడమేగా ప్రతి ఏడూ చేసేది. చేలో పని చేస్తుండగా మబ్బులు కమ్మి పెద్ద వాన కురిస్తే ఎట్లా ఉంటుందో ఆమెకు ఇంకా బాగా తెలుసు. అవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడి తల తడిపించుకునేది. నాయన ఎద్దుల మెడలు తట్టేవాడు. మేం గంతులు వేసేవాళ్ళం. అమ్మ ఎప్పుడూ దాచిపెట్టుకునే బెల్లం ఆ రోజు బయటికి తీసేది. అక్క తన సొంత ఇంగ్లీషులో, వచ్చీరాని ముక్కల్లో రాసింది. వాళ్ళు చేనుకు పోయారు. తల్లి పనివాళ్ళకు తిండి తీసుకుపోయింది. వాన వచ్చినందుకు పిల్లలు సంతోషపడ్డారు, ఎందుకంటే పైరు బతుకుతుంది.

నేను పిల్లలు అనే మాట పట్టుకున్నాను, ప్యాసేజీలో వెతికాను, దొరికిన లైనుకు ముందూ వెనకా కలిపి మూడు లైన్లు ఎత్తి రాశాను. అందులో వాన ఉందని కూడా నాకు తెలియదు.

పేపర్లు దిద్ది తెచ్చిన రోజు సారు అక్క పేరు పిలిచి నిలబెట్టాడు. ఆమె జవాబు తరగతికంతా చదివి వినిపించి, తెలుగులో కూడా చెప్పాడు, నవ్వు బాగా అందాలని. "ఏమ్మా, వానొస్తే పిల్లోల్లు సంతోషపడిరా?" అన్నాడు. అక్క "అవును సార్" అంది. "ఏ లైన్లో ఉండాది? చూపీ." "లైన్లో లేదు సార్. వానొచ్చింది గదా." తరగతి గొల్లుమంది. వానకోసం కప్పలకు పెళ్ళి చేసిన ఊళ్ళ పిల్లలు, తిండిగింజలకు పక్క ఊళ్ళకు పోయిన ఇళ్ళ పిల్లలు, వానొస్తే సంతోషమని ఒక పిల్ల రాసినందుకు బల్లలు చరిచి నవ్వారు. అంతకంటే ఘోరం నేను ఏ బడిలోనూ చూడలేదు. సారు నా పేపరు పైకెత్తి, "నీ చెల్లెల్ని చూసి నేర్చుకో. చక్కగా ఎత్తి రాసిండాది" అన్నాడు. నాకు నిండా మార్కులు. అక్క ప్యాసేజీ మొత్తానికి సున్నా చుట్టి, దాని కింద ఎర్రసిరాతో గీత గీశాడు. ఆ సున్నాతోనే ఆమె ఇంగ్లీషు తప్పింది. మిగతా అన్నింటిలో నాకంటే మేలుగానే ఉంది.

నాయన బడికి వచ్చాడు. పంచె సర్దుకుని, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, వరండాలో సారు ముందు నిలబడ్డాడు. నేనూ అక్కా స్తంభం పక్కన. నాయనకు అక్షరం ముక్క రాదు. "సార్, పాప రాసింది ఏందో తెలుగులో ఒగసారి చెప్పండి" అని అడిగాడు. సారు మర్యాదగానే చెప్పాడు. నాయన అంతా విని, కొంచెంసేపు నేలకేసి చూసి, "అది నిజమే గదా సార్?" అన్నాడు. "నిజం కావొచ్చప్పా, ఆన్సరు కాదు" అన్నాడు సారు. ఆ మాట నా చెవుల్లో ఇంకా అట్లాగే ఉంది. నిజానికీ జవాబుకూ సంబంధం లేని చోటును బడి అని ఎట్లా అన్నారు? మొదటి వానకు సెలవు పెట్టి ఊరికి పరుగెత్తే మనిషి, వానొస్తే తన గుండె ఎట్లా కొట్టుకుంటుందో తెలిసిన మనిషి, ఆ వరండాలో నిలబడి మా నాయనతో ఆ మాట ఎట్లా అనగలిగాడు? ఆయన ఆ ప్యాసేజీని ఎప్పుడూ చదవలేదు, అదీ సంగతి. ఆయన కూడా ఎత్తి రాసి పాసైనవాడే. వాళ్ళ సారు ఆయనకు అదే మందు పోసి ఉంటాడు.

మళ్ళీ ఏడు రాసుకోవచ్చు అన్నారు బడివాళ్ళు. రాసుకోవచ్చు నిజమే. కానీ మళ్ళీ ఏడు నేను కర్నూలు పోతాను. గుట్టల దారిలో ఆమె ఒక్కతే ఎట్లా పోతుంది అన్నాడు నాయన. నాకు తోడుగా అన్నేళ్ళు నడిచిన మనిషికి ఒక్క ఏడు తోడు నడిచేవాళ్ళు ఊళ్ళో దొరకలేదు. అవ్వ ఒక్కతే కొట్లాడింది. "నేను పోతా రా తోడు, నాకు కాళ్ళు లేవా?" అని కట్టె తీసుకుని లేచింది కూడా. ఆమెకు వాకిలి దాటడమే కష్టంగా ఉండేది. నాయన కట్టె తీసి గోడకానించి, చేనుకు పోయాడు. నేను హాస్టలుకు పోయిన రోజు నా జడలు అక్కే అల్లింది. తర్వాత ఆమెను మైదుకూరు ఇచ్చారు. పసుపు చేలల్లో, ఉల్లి చేలల్లో, పిల్లల పనుల్లో ఆమె ముసలిదైంది. నేను తెలుగు చదివి, కాలేజీలో పాఠాలు చెప్పి, రిటైరై, ఇదిగో ఈ ముందుగదిలో కూర్చున్నాను.

నేను తెలుగు చెప్పి బతికినదాన్ని కాబట్టి ఇంగ్లీషంటే కడుపుమంట అనుకునేవాళ్ళుంటారు. ఆ మాటే నిజమైతే ఇంత కోపం వచ్చేది కాదు. ఇంగ్లీషు రావాలి, అందరికీ రావాలి, బాగా రావాలి. పరభాషలో ఒక పేరా చదివి, ఎక్కడో మనకు తెలియని మనుషులకు ఏం జరిగిందో తెలుసుకుని, వాళ్ళకోసం రవ్వంత బాధపడటమో సంతోషపడటమో చేయడం చాలా గొప్ప విషయం. అది చేసిన పిల్లకు సున్నా చుట్టి, చేయనివాళ్ళను పై క్లాసుకు పంపించారే, అందుకు నా కోపం. పంపించబడ్డవాళ్ళమే మళ్ళీ టీచర్లమయ్యాం, లెక్చరర్లమయ్యాం, ఆఫీసర్లమయ్యాం. కాగితం చదవకుండా సంతకాలు పెడతాం. అర్జీలో మనిషి ఏమంటున్నాడో చూడకుండా, అందులో ఒక మాట పట్టుకుని జవాబిస్తాం. కాలేజీలో నా దగ్గర చదివిన పిల్లలు పద్యాన్ని కూడా అట్లాగే చదివేవాళ్ళు, ప్రశ్న ఏమొస్తుంది మేడం అని అడిగి, అంతమేరకే. వాళ్ళను తిట్టీ తిట్టీ నా గొంతు పోయింది. ఇప్పుడు ఫీజులు కట్టి, టై కట్టి, ఏసీ బస్సులో పంపి మరీ ఆరో తరగతి పిల్లకు అదే నేర్పిస్తున్నారు. మా సారు దాన్ని ఉచితంగా నేర్పాడు, అంతే తేడా.

ఇదంతా ఆ మధ్యాహ్నం లహరికి చెప్పాను. చెప్పానంటే అరిచాననే అనుకోండి. పిల్ల పెన్ను మూసి, నోరు తెరుచుకుని వింది. అక్క నల్లద్దాల వెనక ఏమనుకుంటోందో తెలియలేదు. ఆ పరీక్ష సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. నాయన ఉన్నన్నాళ్ళూ ఆయన ముఖం చూసి, ఆ తర్వాత అక్క ముఖం చూసి అందరం దాన్ని తప్పించుకుని తిరిగాం. ఆ రోజు మాత్రం నాకు నోరు ఆగలేదు. "నువ్వు రాసిందే రైటక్కా. వాళ్ళకే చదవడం రాదు. నీకు సున్నా చుట్టిన చేతికి ఏం తెలుసు?" అన్నాను.

అక్క, చాలా కాలంగా అడగాలనుకున్నది అడిగినట్టు, నెమ్మదిగా అంది. "అది సరేలే లచ్చిమీ. ఇంతకూ ఆ పిల్లోల్లు ఎందుకు సంతోషపడలేదే? వానొచ్చినా సంతోషం లేకుండా ఎట్లుంటారా అని నేను శానా తూర్లు అనుకున్యా. పసుపు చేలో ఉన్నప్పుడు వానొస్తే నాకు అదే గుర్తొచ్చేది. నాకు తెలీంది ఇంగేదో దాంట్లో ఉంది, నా బుర్రకే అందలేదు అనుకున్యా."

నేను నిర్ఘాంతపోయాను. ఇన్నేళ్ళూ ఆమె తనకే అర్థం కాలేదనుకుంటూ బతికింది. సారు నవ్వాడు, తరగతి నవ్వింది, నాయన తల వంచుకున్నాడు, బడి ఆమెను పెద్ద పరీక్షకు పంపకుండా ఆపేసింది. ఎందుకు తప్పో మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు. "పనికి కాదక్కా వాళ్ళు పోయింది" అన్నాను. "పిక్నిక్ అంటే ఊరికే పోవడం. ఎండ హాయిగా కాసే రోజు చూసుకుని, పచ్చికలో కూర్చుని తిని, ఆడుకుని రావడానికి పోతారు. వాళ్ళ దేశంలో వాన ఎప్పుడూ పడుతూనే ఉంటుంది, ఎండే అరుదు. వానొస్తే ఆట పాడైపోయినట్టే. అందుకు ఏడుపుముఖం పెట్టారు."

అక్క ఆ మాటను బాగా లోపలికి తీసుకుంది. ఊరికే తినడానికి చేనుకు పోవడం, ఎండకోసం ఎదురుచూడడం, రెండూ ఆమెకు వింతగానే ఉన్నాయి. కానీ కథ మాత్రం ఇప్పుడు అతికింది. తల ఊపింది. "ఓ, అట్లనా" అంది. "పాపం, అట్లయితే ఏడుస్తారు. ఆడుకోనీక పోయిన పిల్లోల్లు గదా."

లహరి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. అక్క చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి నా మోకాలి మీద ఆగింది.

"ఈ ముక్క ఆ పొద్దు నేను అడిగినప్పుడే ఆ సారు చెప్పింటే, నేను గూడా సరిగ్గా రాసిందును గదే."